వైరల్ లోడ్ కనిపించకపోయినా హెచ్‌ఐవీ శరీరంలోంచి ఎందుకు పోదు?

హెచ్‌ఐవీని అణిచిపెట్టే మందుల చికిత్స (ఏఆర్‌టీ) ఇచ్చే సెంటర్లో, రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే వైరల్ లోడ్ పరీక్ష రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని కనిపించగానే చాలామందికి కలిగే మొదటి సందేహం ఒక్కటే: వైరస్ లేదని తేలాక ఇంకా రోజూ మాత్ర ఎందుకు? ఈ సందేహం సమంజసమైనదే. టైఫాయిడ్‌కు కొన్ని రోజులు మందు వాడి ఆపేస్తాం, క్షయకు ఆరు నెలల కోర్సు పూర్తి చేసి ఆపేస్తాం, హెపటైటిస్-సి అయితే చాలామందిలో పన్నెండు వారాల మాత్రలతో శరీరంలోంచి పూర్తిగా పోతుంది. హెచ్‌ఐవీ విషయంలో మాత్రం, ఇరవై ఏళ్లుగా ఒక్క పూట కూడా తప్పకుండా మందు వేసుకున్న మనిషి అది ఆపేస్తే, ఎక్కువ మందిలో రెండు మూడు వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో ప్రత్యక్షమవుతుంది. దీనికి కారణం మందు బలహీనత అనుకుంటే పొరపాటు. మందు తనకు అప్పగించిన పనిని దాదాపు లోపం లేకుండా చేస్తోంది. చిక్కల్లా ఆ పని ఎక్కడితో ఆగిపోతుందన్న దగ్గర ఉంది.

హెచ్‌ఐవీ జన్యు సమాచారం ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఉంటుంది. పొడవు పది వేల అక్షరాలకు (జన్యు సమాచారాన్ని రాసే రసాయన భాగాలకు) కాస్త తక్కువ, జన్యువులు తొమ్మిది. రోగనిరోధక వ్యవస్థను నడిపించే సీడీ4 టీ-కణంలోకి చొరబడగానే, ఈ వైరస్ తన వెంట తెచ్చుకున్న రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముతో ఆ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకుంటుంది. తరువాత ఇంటిగ్రేజ్ అనే మరో ఎంజైము మన క్రోమోజోమును ఒక చోట తెంపి, ఆ వైరస్ డీఎన్‌ఏను అందులో అతికిస్తుంది. అతుకు పడ్డాక ఆ ముక్కను ప్రోవైరస్ అంటారు. అప్పటి నుంచి కణం తన జన్యువులను చదివినట్టే దాన్నీ చదివి, కొత్త వైరస్ భాగాలను తయారు చేస్తుంది. చివరగా ప్రోటియేజ్ అనే ఎంజైము ఆ భాగాలను సరైన కొలతల్లో కత్తిరిస్తే, బయటికి వెళ్లి మరో కణాన్ని పట్టగల వైరస్ సిద్ధమవుతుంది.

ఇప్పుడు మన ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఎక్కువ మందికి ఇచ్చే టీఎల్‌డీ మాత్రను తీసుకుందాం. అందులోని టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ను అడ్డుకుంటాయి; డోలుటెగ్రావిర్ ఇంటిగ్రేజ్‌ను అడ్డుకుంటుంది. అంటే కొత్త కణంలోకి వైరస్ ప్రవేశించినా, దాని డీఎన్‌ఏ తయారు కాకుండానో, తయారైనా క్రోమోజోముకు అతుక్కోకుండానో ఈ మూడు మందులూ చూసుకుంటాయి. మరి నిన్ననో, పదేళ్ల క్రితమో అప్పటికే అతుకు పడిపోయిన ప్రోవైరస్ సంగతి? దాన్ని తాకే మందు ఈ మాత్రలో లేదు. చికిత్సలో వాడుతున్న ఇతర మందులేవీ దాన్ని తాకలేవు. రసాయనికంగా అది మన డీఎన్‌ఏకు భిన్నమైనది కాదు, అదే నాలుగు అక్షరాలతో రాసి ఉంటుంది. దాన్ని వెతికి తుంచేయాలంటే మూడు వందల కోట్ల అక్షరాలకు పైగా ఉన్న మానవ జన్యుక్రమంలో, ఒక్కో కణంలో ఒక్కో చోట అతుక్కుని ఉన్న ఆ పది వేల అక్షరాలను గుర్తుపట్టాలి. హెపటైటిస్-సి వైరస్‌ను పూర్తిగా వదిలించుకోగలగడానికి ముఖ్య కారణం కూడా ఇక్కడే ఉంది: అది డీఎన్‌ఏగా మారదు, క్రోమోజోముకు అతుక్కోదు, ఉత్పత్తి ఆగిపోతే దానికి మిగిలే చోటంటూ ఉండదు.

అతుకు పడిన కణాలన్నీ త్వరగా చచ్చిపోతే ఈ సమస్య కొంతకాలానికి తనంతట తానే తీరిపోయేది. 1996లో శాస్త్రవేత్తలు ఆశపడింది సరిగ్గా దానికే. ఆ ఏడాది జులైలో వాంకూవర్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో మూడు మందుల కలయిక ఫలితాలు వెల్లడయ్యాయి. అంతవరకు మరణశయ్య మీద ఉన్నవారు లేచి పనుల్లోకి వెళ్లడం ప్రపంచం చూసింది. న్యూయార్క్‌లో డేవిడ్ హో, ఆయనతో కలిసి పనిచేసిన అలన్ పెరెల్సన్ రోగుల రక్తంలో వైరస్ పడిపోయే వేగాన్ని గణిత సూత్రాలతో కొలిచారు. చికిత్స లేని రోగిలో రోజుకు దాదాపు వెయ్యి కోట్ల వైరస్ రేణువులు పుడుతున్నాయనీ, వాటిని తయారుచేసే కణాల్లో అత్యధిక భాగం ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతున్నాయనీ వారు లెక్కగట్టారు. ఆ తరువాత కాస్త నెమ్మదిగా, వారాల లెక్కన తగ్గే రెండో దశ కనిపించింది. ఈ రెండింటినీ కలిపి 1997లో వేసిన అంచనా ప్రకారం, మందు పూర్తిగా పనిచేస్తూ ఉంటే 2.3 నుంచి 3.1 ఏళ్లలో వైరస్ శరీరం నుంచి తుడిచిపెట్టుకుపోవాలి. గమనించని స్థావరం మరొకటి ఉంటే ఈ లెక్క తప్పవచ్చునని వారు ఆ పత్రంలోనే హెచ్చరించారు. ఆశాజనకమైన అంకె దొరికినప్పుడు దాని పక్కనున్న షరతు ఎవరి కంటా పడకపోవడం మామూలే.

ఆ స్థావరం అదే ఏడాది బయటపడింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో రాబర్ట్ సిలిసియానో బృందం, శాన్ డియాగోలో డగ్లస్ రిచ్‌మన్ బృందం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఆంథొనీ ఫౌచీ బృందం, ఎవరికి వారు, మందు వాడుతూ రక్తంలో వైరస్ కనిపించని రోగుల నుంచి నిద్రావస్థలో ఉన్న సీడీ4 కణాలను వేరుచేసి, వాటిని ప్రయోగశాలలో మేల్కొలిపి చూశారు. నిక్షేపంలాంటి వైరస్ బయటికి వచ్చింది. పది లక్షల కణాల్లో దాదాపు ఒకటి మాత్రమే అలాంటిది, కానీ వెతికిన ప్రతివారిలోనూ దాదాపుగా దొరికింది. ఆ తరువాత సిలిసియానో బృందం ఏళ్ల తరబడి అదే రోగులను పరీక్షిస్తూ పోయి, ఈ నిల్వ సగానికి తగ్గడానికి సుమారు 44 నెలలు పడుతోందని తేల్చింది. ఈ అంకె అర్థం ఏమిటో కాగితం మీదే చూడవచ్చు. పది లక్షల కణాలున్న నిల్వ ఒక్క కణానికి దిగాలంటే ఇరవై సార్లు సగం కావాలి. 20ని 44తో గుణిస్తే 880 నెలలు, అంటే 73 ఏళ్లు. మూడేళ్లలో అయిపోతుందనుకున్నది ఒక నిండు జీవితకాలాన్ని దాటిపోయింది.

ఈ కణాలు అంతకాలం ఎందుకు బతుకుతాయి? నా దృష్టిలో ఈ కథలో అసలు కీలకం ఇదే. మనకు చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ మళ్లీ రాకపోవడానికి, పసితనంలో వేయించిన టీకా దశాబ్దాల తరువాత కూడా కాపాడటానికి కారణం, ఆనాటి శత్రువును గుర్తుపెట్టుకున్న కొన్ని టీ-కణాలు, బీ-కణాలు జీవితాంతం శరీరంలో మిగిలి ఉండటం. రోగకారకం ఎదురైనప్పుడు టీ-కణం చైతన్యం పొంది, వేగంగా విభజన చెంది, పోరాడుతుంది. పని అయిపోయాక ఆ సైన్యంలో అత్యధిక భాగం చనిపోతుంది. మిగిలిన కొద్ది కణాలు జ్ఞాపక కణాలుగా మారి, జీవక్రియను బాగా తగ్గించుకుని, లింఫు గ్రంథుల్లో, పేగు గోడల్లో, రక్తంలో నిశ్శబ్దంగా కాలం గడుపుతాయి. హెచ్‌ఐవీకి ఇష్టమైనది చైతన్యంగా ఉన్న సీడీ4 కణం. అలాంటి కణాల్లో ఎక్కువ శాతం దాని దెబ్బకే చనిపోతాయి. కానీ చైతన్యస్థితి నుంచి నిద్రలోకి జారుకుంటున్న సమయంలో కణం వైరస్ బారిన పడితే, వైరస్ డీఎన్‌ఏ అతుక్కునేంత వ్యవధి ఉంటుంది, దాన్ని చదివి ప్రోటీన్లు తయారుచేసేంత వ్యవధి ఉండదు. కణం పడుకుంటుంది, దానితోపాటు వైరస్ కూడా.

ఈ నిద్ర వెనుక ఉన్న యంత్రాంగాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ప్రోవైరస్ మొదట్లో ఎల్‌టీఆర్ అనే భాగం ఉంటుంది. వైరస్ జన్యువులను చదవడం మొదలుపెట్టే స్విచ్చు అది. దాన్ని నొక్కే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఎన్‌ఎఫ్-కాపా-బి. ఇది వైరస్‌ది కాదు, మన కణానిదే. టీ-కణం తన పోరాట జన్యువులను మేల్కొలపడానికి వాడుకునే ప్రోటీన్ అదే. కణం నిద్రలో ఉన్నంతకాలం ఎన్‌ఎఫ్-కాపా-బి కేంద్రకం బయటే బందీగా ఉంటుంది, కాబట్టి ప్రోవైరస్ నోరెత్తదు. కణానికి తాను గుర్తుపెట్టుకున్న శత్రువు మళ్లీ ఎదురైతే, ఎన్‌ఎఫ్-కాపా-బి కేంద్రకంలోకి వెళ్లి, కణపు జన్యువులతోపాటు వైరస్ స్విచ్చునూ నొక్కేస్తుంది. అప్పుడు కొద్దిగా తయారయ్యే టాట్ అనే వైరస్ ప్రోటీన్, ఆ ఉత్పత్తిని వందల రెట్లు పెంచుతుంది. నిద్రలో ఉన్న ప్రోవైరస్ ఒక్క ప్రోటీన్ కూడా తయారు చేయదు గనుక, సోకిన కణాలను వెతికి చంపే సీడీ8 కణాలకు దాని ఆచూకీ దొరకదు. మందుకూ చిక్కదు, రోగనిరోధక శక్తికీ చిక్కదు.

భారతదేశంలో అత్యధికంగా ఉన్నది హెచ్‌ఐవీ-1లో సి ఉపరకం, దక్షిణాఫ్రికాలోనూ అదే. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా కనిపించే బి ఉపరకపు స్విచ్చులో ఎన్‌ఎఫ్-కాపా-బి అతుక్కునే చోట్లు రెండుంటే, సి ఉపరకంలో సాధారణంగా మూడుంటాయి. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో ఉదయ్‌కుమార్ రంగ బృందం నాలుగు చోట్లున్న రకాలు మన దేశంలో వ్యాపిస్తున్నట్టు చూపించింది. వైరస్ నిల్వ గురించి తొలి దశాబ్దాల్లో పోగైన సమాచారంలో పెద్ద భాగం బి ఉపరకం సోకిన అమెరికా, ఐరోపా రోగుల నుంచి వచ్చింది. స్విచ్చు నిర్మాణమే వేరుగా ఉన్నప్పుడు ఆ నిర్ధారణలన్నింటినీ యథాతథంగా గుంటూరు రోగికో, కరీంనగర్ రోగికో అన్వయించలేం.

జ్ఞాపక కణం కదలకుండా పడుకుని ఉంటుందని చెప్పడం కూడా సగమే నిజం. అది అప్పుడప్పుడు విభజన చెంది తన సంఖ్యను నిలబెట్టుకుంటుంది, లేకపోతే జ్ఞాపకం మన వయసంతా నిలవదు. కణం రెండుగా చీలినప్పుడు దాని డీఎన్‌ఏ మొత్తం నకలవుతుంది. పత్రాన్ని జిరాక్స్ తీస్తే దానిమీది మరక ప్రతి కాపీలోకీ వచ్చినట్టు, ప్రోవైరస్ కూడా రెండు పిల్ల కణాల్లోకీ వెళుతుంది. ఇందులో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ప్రమేయం లేదు, ఇంటిగ్రేజ్ ప్రమేయమూ లేదు, అందుకని టీఎల్‌డీ దీన్ని ఆపలేదు. 2014లో రెండు బృందాలు ఇది నిజంగా జరుగుతోందని నిరూపించాయి. ఒకే రోగిలోని వేర్వేరు కణాల్లో వైరస్ క్రోమోజోము మీద సరిగ్గా ఒకే అక్షరం దగ్గర అతుక్కుని కనిపించింది. మూడు వందల కోట్ల చోట్లలో వేర్వేరు వైరస్‌లు కాకతాళీయంగా ఒకే చోట వాలడం జరగని పని. అవన్నీ ఒకే తల్లి కణం సంతానమని అర్థం. కొందరిలో ప్రోవైరస్ అతుక్కున్న చోటు కూడా యాదృచ్ఛికమైనది కాదు: కణ విభజనతో, బతుకుదలతో సంబంధమున్న బాక్2 వంటి జన్యువుల లోపల అతుక్కున్న ప్రోవైరస్‌లు ఉన్న కణాలు మిగతావాటికంటే ఎక్కువగా పెరిగాయి. సిలిసియానో బృందం 2023లో ప్రచురించిన ఫలితాలు ఇంకా నిరాశ కలిగిస్తాయి: రెండు దశాబ్దాలకు పైగా మందు వాడిన వారిలో ఈ నిల్వ తగ్గడం మానేసింది, నెమ్మదిగా పెరుగుతోంది కూడా. పైన వేసిన 73 ఏళ్ల లెక్క కూడా ఆశాజనకమైనదేనన్నమాట.

మరి మందు మోతాదు పెంచితే? నాలుగో మందో, ఐదో మందో చేరిస్తే? ఈ ప్రయోగాలు కూడా జరిగాయి. బాగా మందు వాడుతున్న వారి రక్తంలో కూడా మామూలు పరీక్షకు అందనంత తక్కువగా, మిల్లీలీటరుకు ఒక కాపీ స్థాయిలో వైరస్ ఉంటుంది. ఇంటిగ్రేజ్‌ను అడ్డుకునే రాల్టెగ్రావిర్ వంటి మందు అదనంగా ఇచ్చినా ఆ స్థాయి తగ్గలేదు. ఏళ్ల తరబడి తీసిన నమూనాల్లో ఆ వైరస్ జన్యుక్రమం కొత్త మార్పులు పోగేసుకోవడం కూడా కనిపించలేదు. కొత్త కణాన్ని పట్టి పునరుత్పత్తి చేసుకునే ఒక్కో చక్రం తిరిగినప్పుడల్లా హెచ్‌ఐవీ తన జన్యుక్రమంలో తప్పులు చేస్తుంది, కాబట్టి మార్పు లేదంటే చక్రం తిరగడం లేదనే. లింఫు గ్రంథుల్లో మందు సరిగా చేరని మూలల్లో వైరస్ ఇంకా పునరుత్పత్తి చేసుకుంటోందని వాదించేవారు ఉన్నారు. నాకు తెలిసినంతలో సాక్ష్యం ఎక్కువగా పునరుత్పత్తి జరగడం లేదన్న వైపే మొగ్గుతోంది. కనిపించే ఆ కాసింత వైరస్, అప్పుడొకటి ఇప్పుడొకటి మేల్కొన్న పాత కణాల నుంచి వస్తున్నది. మందు ఉన్నంతకాలం అది మరో కణాన్ని పట్టలేదు. మందు ఆపిన మరుక్షణం పట్టగలదు.

వైరస్ ఈ నిల్వను ఎంత త్వరగా సమకూర్చుకుంటుందో తెలిపే ఉదంతాల్లో మిసిసిపీ శిశువుది అందరికీ తెలిసినదే అయినా మళ్లీ చెప్పుకోదగినది. 2010లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, గర్భిణిగా ఉన్నప్పుడు చికిత్స అందని తల్లికి పుట్టిన ఆ పాపకు 30 గంటల వయసులోనే మూడు మందులు మొదలుపెట్టారు. పద్దెనిమిది నెలల వయసు తరువాత కుటుంబం ఆసుపత్రికి రావడం మానేసింది, మందు ఆగిపోయింది. కొన్ని నెలల తరువాత తిరిగి వచ్చినప్పుడు, వైరస్ విజృంభించి ఉంటుందనుకున్న వైద్యులకు రక్తంలో అది కనిపించలేదు. అత్యంత సున్నితమైన పరీక్షలకూ పునరుత్పత్తి సామర్థ్యమున్న వైరస్ దొరకలేదు. 2013లో ఈ వార్త ప్రపంచమంతా పాకింది. మందు లేకుండా 27 నెలలు గడిచాక, 2014 జులైలో, మామూలు తనిఖీలో మిల్లీలీటరుకు 16,750 కాపీల వైరస్ కనిపించింది. ఆ రెండేళ్లకు పైగా అది ఏ కొద్ది కణాల్లోనో, బహుశా ఒకే ఒక్క కణంలో, మెదలకుండా ఉంది. అదే ఏడాది కోతుల మీద జరిగిన ప్రయోగంలో, హెచ్‌ఐవీకి బంధువైన ఎస్‌ఐవీ ఎక్కించిన మూడో రోజునే, ఇంకా రక్తంలో వైరస్ కనిపించకముందే, మందు మొదలుపెట్టి ఆరు నెలలు ఇచ్చి ఆపితే, వాటిలోనూ వైరస్ తిరిగి లేచింది.

ఇదంతా తెలిశాక నకిలీ వైద్యం ఎలా చెల్లుబాటవుతోందో కూడా అర్థమవుతుంది. ఎయిడ్స్‌ను నయం చేస్తామని చెప్పుకోవడం మన ఔషధ నిబంధనల షెడ్యూల్-జె ప్రకారం నిషిద్ధం. అయినా చూర్ణాలు, లేహ్యాలు అమ్మేవారికి కొదవ లేదు. ఏఆర్‌టీతో వైరల్ లోడ్ ఎప్పుడో అణిగిపోయిన మనిషి, ఆ మాత్రలు వేసుకుంటూనే చూర్ణం కూడా వాడి పరీక్ష చేయించుకుంటే రిపోర్టులో వైరస్ కనిపించదు. ఖ్యాతి చూర్ణానికి దక్కుతుంది. తరువాత మాత్రలు మానేస్తాడు. వైరస్ వారాల్లో తిరిగి వచ్చినా సీడీ4 కణాలు పడిపోయి జబ్బు ముదరడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది గనుక, ఆ మధ్యకాలమంతా ఆరోగ్యంగా ఉన్నట్టే ఉంటుంది. 33 దేశాల్లో 5,472 మందితో జరిగిన స్మార్ట్ అధ్యయనం, సీడీ4 సంఖ్య బాగున్నప్పుడు వైద్యుల పర్యవేక్షణలోనే మందుకు విరామం ఇస్తే ఏమవుతుందో చూసింది. విరామం ఇచ్చిన వారిలో తీవ్రమైన జబ్బు లేదా మరణం ముప్పు రెండున్నర రెట్లు దాటడంతో 2006లో ఆ విరామాలను నిలిపివేయాల్సి వచ్చింది. మరోవైపు, నిల్వ ఉంది కదా అని మందు వాడుతున్న మనిషిని చూసి భయపడాల్సిన పని లేదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, మందుతో వైరస్ అణిగి ఉన్న జంటలను ఏళ్ల తరబడి గమనించిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో, ఆ వ్యక్తి నుంచి భాగస్వామికి వైరస్ సోకిన ఘటన ఒక్కటీ నమోదు కాలేదు. నిద్రలో ఉన్న ప్రోవైరస్ కణం దాటి బయటికి రాదు.

నిల్వను నిర్మూలించే ప్రయత్నాల్లో ఎక్కువ ప్రచారం పొందిన మార్గం, కణాలను మందుతో బలవంతంగా మేల్కొలిపి, బయటపడ్డ వైరస్‌ను రోగనిరోధక శక్తి చేత చంపించడం. 2012లో నార్త్ కరోలినాలో డేవిడ్ మార్గోలిస్ బృందం వొరినోస్టాట్ అనే క్యాన్సర్ మందుతో నిద్రలో ఉన్న ప్రోవైరస్‌ను నిజంగానే కదిలించింది. కానీ కదిలిన కణాలు చావలేదు, నిల్వ తగ్గలేదు. ఒకే ప్రేరణకు అన్ని ప్రోవైరస్‌లూ లేవవని కూడా తరువాత తేలింది. ప్రోవైరస్‌ను శాశ్వతంగా నిద్రపుచ్చే మందులు, దాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించే ప్రయత్నాలు ఇంకా తొలి అడుగుల్లో ఉన్నాయి.

నిజంగా నయమైనవారు లేకపోలేదు, వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మొదటివాడు తిమోతీ రే బ్రౌన్. బెర్లిన్‌లో ఉంటున్న ఈ అమెరికన్‌కు రక్త క్యాన్సర్ రావడంతో, 2007లో వైద్యుడు గెరో హ్యుటర్ అతనికి ఎముక మజ్జ మార్పిడి చేశారు. హెచ్‌ఐవీ కణంలోకి ప్రవేశించడానికి వాడుకునే సీసీఆర్5 ద్వారం పుట్టుకతోనే లేని దాతను వెతికి మరీ ఎంచుకున్నారు. 2020లో క్యాన్సర్ తిరగబెట్టి చనిపోయేదాకా బ్రౌన్ ఏఆర్‌టీ లేకుండానే ఉన్నాడు, వైరస్ తిరిగి రాలేదు. కానీ ఈ మార్పిడి ప్రాణాంతకమైనది. క్యాన్సర్ లేని మనిషికి రోజుకొక మాత్ర తప్పించడం కోసం ఏ వైద్యుడూ ఆ పని చేయడు.

బోస్టన్‌లో మరో ఇద్దరికి మామూలు దాతల మజ్జతో మార్పిడి జరిగింది. రక్తంలో, పేగు కణజాలంలో ఎంత వెతికినా వైరస్ దొరకలేదు. మందు ఆపితే, ఒకరిలో 12 వారాలకు, మరొకరిలో 32 వారాలకు తిరిగి వచ్చింది. వైరస్ పూర్తిగా పోయిందో లేదో ఎలా తెలుసుకోవాలన్నదే పరిశోధకులను ఇప్పటికీ ఇబ్బంది పెడుతున్న ప్రశ్న. రక్తపు గొట్టంలోకి వచ్చేది శరీరంలోని కణాల్లో అతి చిన్న నమూనా. నిల్వలో ఎక్కువ భాగం ఉండే లింఫు గ్రంథులను, పేగును మొత్తంగా పరీక్షించడం బతికున్న మనిషిలో సాధ్యం కాదు. పైగా దొరికే ప్రోవైరస్‌లలో తొంభై శాతానికి పైగా లోపాలతో చెడిపోయినవే గనుక, డీఎన్‌ఏ పరీక్షలో కనిపించినదల్లా ప్రమాదకరం కాదు, కనిపించనిదల్లా లేనట్టూ కాదు. అందువల్ల ఏ కొత్త చికిత్స ఫలించిందో లేదో తేల్చాలంటే ఇవాళ్టికీ ఒకటే దారి: రోగి అంగీకారంతో మందు ఆపి, తరచుగా రక్తం తీసి చూస్తూ, వైరస్ కనిపించగానే మళ్లీ మందు మొదలుపెట్టడం. ఎన్ని నెలలు కనిపించకపోతే నయమైనట్టు అన్నది చెప్పడం కష్టం; మిసిసిపీ శిశువు విషయంలో 27 నెలలు కూడా చాలలేదు.